ముక్కు పక్కన సందు

స్పందన కళ్లకు గంతలు కట్టుకుని దినపత్రికలో హెడ్డింగు చదివిన రోజు వాళ్లమ్మ రూప ట్రైనింగ్ సెంటర్లో అందరికీ స్వీట్లు పంచింది. తండ్రి కార్తీక్ ఫోన్‌లో తీసిన వీడియోను అప్పటికప్పుడే బంధువుల గ్రూపుల్లో పెట్టాడు. మిర్యాలగూడలో వాళ్లది తరాలుగా ధాన్యం వ్యాపారం. ఊరి బయట రైస్ మిల్లు, ఆ ఆవరణలోనే ఇల్లు. తొమ్మిదేళ్ల స్పందన ఒక్కతే సంతానం.

"చూశారా మేడం, ఎక్కడా తడుముకోకుండా చదివింది," అని రూప ఒక లడ్డూ తెచ్చి టీచర్ అనూష చేతిలో పెట్టింది. రూప పుట్టిల్లు కోదాడ. పెళ్లయి ఇన్నేళ్లయినా మాటలో ఆ యాస పోలేదు.

అనూష లడ్డూ తీసుకుని నవ్వింది. కానీ ఆమె చూసింది వేరు. గుడ్డ ఎంత బిగించి కట్టినా ముక్కుకు పక్కన చిన్న సందు మిగులుతుంది. గడ్డం కొంచెం పైకెత్తి, కాగితాన్ని పొట్టకు ఆనించి పట్టుకుంటే ఆ సందులోంచి అక్షరాలు కనబడతాయి. స్పందన సరిగ్గా అట్లాగే పట్టుకుంది. అక్కడ చదివిన పిల్లలందరూ అట్లాగే పట్టుకున్నారు.

సెంటర్ తులసీరాంది. పెద్ద ఆఫీసు సూర్యాపేటలో ఉంటే, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి బ్రాంచీలు. చిన్నపిల్లల మెదడులో ఒక ద్వారం మూసుకుని ఉంటుందని, దాన్ని తెరిస్తే కళ్లతో పని లేకుండా చూడగలరని, ఒకసారి చదివింది ఇక మరిచిపోరని అతను తల్లిదండ్రులకు చెప్పేవాడు. మృదువుగా, దేవుడి గది ముందు నిలబడినట్టు నిలబడి చెప్పేవాడు. అతనికంటే ముందు లేచి మాట్లాడటం అనూష ఉద్యోగం.

ఆమెది పెన్‌పహాడ్ దగ్గర తండా. తల్లి రంగి, తండ్రి భీమ్లా నాట్లకూ కోతలకూ పోయి ఆమెను చదివించారు. సూర్యాపేటలో ఎంఈడీ పూర్తి చేసి టీచర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురు చూస్తూ ఈ పనిలో చేరింది. పిల్లల మనసు ఎట్లా ఎదుగుతుందన్న పాఠం ఆమెకు చాలా ఇష్టం. తల్లిదండ్రుల ముందు దాన్ని పరీక్ష రాసినట్టు కాకుండా ఆటలా చెప్పేది. ఒక బిస్కట్ పాకెట్‌లో పెన్సిల్ ముక్కలు వేసి, ఎవరో ఒకరి చిన్నపిల్లను పిలిచి లోపల ఏముందో చూపించేది.

"ఇప్పుడు మీ అమ్మను పిలుద్దాం. ఈ పాకెట్ల ఏమున్నదని అమ్మ అనుకుంటది?"

మూడేళ్ల పిల్ల "పెన్సిళ్లు" అంటుంది. తనకు తెలిసింది లోకమంతటికీ తెలుసనుకునే వయసు అది. నాలుగు దాటిన పిల్ల "బిస్కట్లు" అని ముసిముసిగా నవ్వుతుంది. అమ్మ మనసు వేరు, నా మనసు వేరు అని ఆ పిల్లకు అప్పటికే తెలిసిపోయిందన్నమాట. నాకంటూ లోపల ఒకటి ఉందన్న ఎరుక అక్కడ మొదలవుతుందని, బడి చేయాల్సింది ఆ ఎరుకను పెంచడమేనని అనూష చెప్పేది. నాకేం తెలుసు, నాకేం తెలియదు అని పిల్ల తన లోపలికి తాను చూసుకోగలిగితే అదే చదువు అనేది. తల్లులు కళ్లార్పకుండా వినేవాళ్లు.

వాళ్లు అట్లా వింటూ ఉన్నప్పుడే తులసీరాం లేచి, "మేడం చెప్పిన ఆ ఎరుకనే మనం గీడ తెరుస్తం," అనేవాడు. ఆమె చెప్పిన నిజం మీదే అతని అబద్ధం నిలబడేది. చేరిన మొదటి నెలలోనే అనూషకు ఈ సంగతి అర్థమైంది.

స్వీట్లు పంచిన రోజు సాయంత్రం మిల్లు కారు రావడం ఆలస్యమైంది. మిగతా పిల్లలు వెళ్లిపోయారు. స్పందన బెంచీ మీద కూర్చుని మణికట్టుతో కళ్లు రుద్దుకుంటోంది. అనూష పక్కన కూర్చుంది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్తవా? ముక్కు పక్కన సందుల నుంచి కనబడుతది గద?"

పిల్ల తలెత్తి చూసింది. ఎర్రగా ఉన్న ఆ కళ్లలో భయం లేదు, ఆశ్చర్యం ఉంది.

"అందరికి గట్లనే కద టీచర్ కనబడేది?"

"మరి సార్ కండ్లతోని సూడొద్దంటడు."

"సూస్తే దొరకొద్దు. గదే గద క్లాసు?"

స్పందనే చెప్పుకుపోయింది.

"మొదట్ల నాకు రాలె టీచర్. 'ఏం కనబడ్తలేదు' అని రోజు చెప్పిన. నమ్మకం లేకుంటే రాదు అన్నడు సార్. ఇంటికి పోయినంక అమ్మ నాతోని మాట్లాడలె. ఫస్ట్ ర్యాంకోల్లందరికి వచ్చింది, నీకే ఎందుకు రాదు అన్నది. తర్వాత పక్కపిల్ల ఎట్ల పట్టుకుంటుందో సూసిన. గప్పుడు సమజైంది."

కింద కారు హారన్ మోగింది. పిల్ల బ్యాగు తగిలించుకుని పరుగెత్తింది.

ఆ సాయంత్రం బస్సులో పోతూ అనూష తన చిన్నప్పటి బడి గురించి ఆలోచించింది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. సార్ చెప్పేది తండా పిల్లలకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చివర్లో "సమజైందా?" అని అడిగేవాడు. "అయింది సార్" అని అందరితోపాటు ఆమె కూడా అరిచేది. కాలేదన్న పిల్లాడిని గోడకు నిలబెట్టడం ఆమె ఒకసారి చూసింది. బడిలో ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు వాక్యం అదే, అయింది సార్. అది అబద్ధమని అప్పుడు ఆమెకూ తెలియదు.

మర్నాడు తులసీరాంతో చెప్పింది.

"సార్, పిల్లలు కిందికెళ్లి సూస్తున్నరు. మనం నేర్పుతున్నది గదే అనుకుంటున్నరు."

అతను కోపగించుకోలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "సూడు అనూషా, పిల్ల చదివింది, అమ్మ సంబురపడ్డది. అమ్మ సంబురపడితే పిల్లకు ధైర్యమొస్తది, ధైర్యమొస్తే చదువొస్తది. నువ్వు చదివిన థియరీలల్ల గిది లేదా?" కొంచెం ఆగి అదే గొంతుతో అన్నాడు. "నీకు నచ్చకుంటే నోటిఫికేషన్ వచ్చేదాంక తండాల కూసో. నేనేమనను."

అనూష మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తల్లికి మోకాళ్లు పట్టేశాయి, తండ్రి ఒక్కడే కూలికి పోతున్నాడు. ఆమె జీతం ఆ ఇంటికి అన్నం.

వానాకాలం వడ్లు మిల్లుకు రావడం మొదలైంది. ఆ రోజుల్లో మిల్లు చుట్టూ ఊకదుమ్ము పొగమంచులా కమ్ముకుంటుంది. స్పందనకు కళ్ల దురద ఎక్కువైంది. రూప పర్సులోంచి ఒక చిన్న సీసా తీసి పిల్ల కళ్లలో చుక్కలు వేయడం అనూష చాలాసార్లు చూసింది. ఎవరు రాశారని ఒకసారి అడిగితే, "మెడికల్ షాపులో ఇస్తారండీ. రెండేళ్ల నుంచి ఇవే వాడుతున్నాం. వేసిన గంటకే ఎరుపు పోతుంది," అంది రూప.

తర్వాత తలనొప్పులు వచ్చాయి. కనుబొమల మీద నొప్పి అని పిల్ల నుదురు పట్టుకుని కూర్చునేది. ట్యూబులైటు చుట్టూ రంగుల చక్రం కనబడుతోందని ఒకరోజు అందరి ముందూ చెప్పింది. తులసీరాం ఆ పిల్లను స్టేజీ మీదికి పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు.

"ద్వారం తెర్సుకునేటప్పుడు గిట్లనే నొప్పి ఉంటది. వెలుగు కనబడుతది. ఇంత తొందరగ ఏ పిల్లకూ రాలేదమ్మా."

రూప రెండు చేతులూ జోడించింది. నొప్పి గురించి చెబితే అమ్మ మురిసిపోతోందని స్పందన కనిపెట్టింది. నొప్పి లేని రోజు కూడా ఉందని చెప్పసాగింది. అట్లా ఏది నిజం నొప్పో, ఏది కాదో చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

అనూష మాత్రం వేరే సంగతులు గమనిస్తోంది. పిల్ల తలుపులోంచి వచ్చేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకుంటోంది. ఎడమవైపు నుంచి బంతి విసిరితే అది వచ్చి తగిలేదాకా చెయ్యి లేవడం లేదు. పక్కన నిలబడి పిలిస్తే తల మొత్తం తిప్పి వెతుక్కుంటోంది. ఈసారి అనూష రూపను పక్కకు తీసుకుపోయింది.

"అక్కా, పాపకు ఎడమ దిక్కు సరిగ కనబడ్తలేదేమో అనిపిస్తుంది. జర కండ్ల డాక్టర్‌కు చూపించున్రి."

"కళ్లా?" రూప నవ్వింది. "మొన్ననే స్కూల్లో కళ్ల క్యాంపు పెట్టారు మేడం. రెండు కళ్లూ బాగున్నాయని రాసిచ్చారు. మా స్పందన గంతలు కట్టుకునే చదువుతోంది, మీకు తెలియనిదా?"

తెలియనిదా అన్న ఆ మాట దగ్గరే అనూష నిజం చెప్పి ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. గది అవతలి చివర నుంచి తులసీరాం వాళ్లవైపే చూస్తున్నాడు. "ఎందుకైనా మంచిది అక్కా," అని మాత్రం అంది.

క్యాంపులో ఏం జరిగిందో స్పందనే చెప్పింది, అది దాచాల్సిన విషయమని కూడా అనుకోకుండా. ఒక కన్ను అరచేత్తో మూసుకుని గోడ మీది అక్షరాలు చదవమన్నారు. కుడి కన్ను మూసుకుంటే ఎడమ కంటికి అక్షరాలు రాలేదు. అందుకని వేళ్ల మధ్య కొంచెం సందు చేసుకుని కుడి కంటితో చదివింది.

"గట్ల సూడొద్దు గద బిడ్డా," అంది అనూష.

"దొరకలె టీచర్. మంచిగ చదివినవ్ అన్నడు ఆ అన్న."

ఆ ఆదివారమే మిర్యాలగూడకు పోయి కార్తీక్‌తో మాట్లాడాలని అనూష నిర్ణయించుకుంది. కానీ ఆదివారం కోదాడలో పెద్ద ప్రదర్శన పెట్టాడు తులసీరాం. రూప పుట్టింటివాళ్లందరూ వస్తున్నారు. స్పందనే ముఖ్యమైన అంశం. ప్రదర్శన అయ్యాక చెబుదామనుకుంది.

కోదాడలో ఫంక్షన్ హాలు నిండిపోయింది. మునగాల నుంచి కూడా జనం వచ్చారు. స్పందన పట్టు లంగా కట్టుకుని గంతలతో స్టేజీ మీద నడిచింది. కార్డుల రంగులు చెప్పింది, ముందు వరుసలో పెద్దాయన ఇచ్చిన పెళ్లిపత్రికలో పెళ్లికూతురి పేరు చదివింది. హాలంతా చప్పట్లు. తులసీరాం తన చేత్తోనే గంతలు విప్పి, పిల్ల బుగ్గ మీద తట్టి, "పో తల్లీ, అమ్మ దగ్గరికి పో," అన్నాడు.

రూప ఎడమవైపు మెట్ల దగ్గర నిలబడి చేతులు చాచింది. స్పందన నవ్వుతూ అటు నడిచింది. మెట్లు వచ్చే చోటుకు ఇంకా ముందే, స్టేజీ అంచు అయిపోయిన చోట, నేల ఉన్నట్టే అడుగు వేసింది.

పడ్డ చప్పుడుకు హాలంతా లేచి నిలబడింది. ఆ తర్వాత అరుపులు.

"గంతలు తియ్యకుండా నడిపించారేంటండీ చిన్నపిల్లని!"

"తీశారండీ, నేను చూశాను. కళ్లు తెరుచుకునే నడిచింది."

"ధ్యానంల ఉన్నది, ఇంకా ధ్యానంల నుంచి రాలె," అంటూ తులసీరాం మైకులో చెబుతున్నాడు. కార్తీక్ పిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు.

దగ్గర్లోని ప్రైవేటు దవాఖానలో మణికట్టు విరిగిందని తేల్చి కట్టు కట్టారు. కార్తీక్ మందులకు వెళ్లాడు. రూప ఎక్స్‌రే కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అనూష మంచం పక్కకు వంగి, తన అరచేతిని స్పందన కుడి కంటి మీద పెట్టింది. ఎక్కడా సందు లేకుండా గట్టిగా పెట్టింది. రెండో చేతిని పిడికిలి బిగించి పిల్ల ముఖం ముందుకు తెచ్చింది.

"ఎన్ని వేళ్లు?"

"మూడు," అంది స్పందన.

అనూష ఏమీ అనలేదు.

"రెండా?" పిల్ల ఆగి వింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. "నాలుగు."

ఆ నిశ్శబ్దంలో తప్పు చెప్పానని ఆమెకు తెలిసింది. ఏది ఒప్పో మాత్రం తెలియలేదు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగింది.

"మీకెన్ని కావాలె టీచర్?"

గుమ్మంలో ఉన్న రూప ఆ బిగించిన పిడికిలి చూసింది. చేతిలోని కవరు కింద పడింది.

మర్నాడు సూర్యాపేటలో కళ్ల డాక్టరు దగ్గర తల్లిదండ్రులిద్దరూ, వాళ్ల వెనక అనూషా కూర్చున్నారు. డాక్టరమ్మ నడివయసు మనిషి. కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. ఆ చుక్కల సీసా అడిగి తీసుకుని లేబులు చదివి బల్ల మీద పెట్టింది.

"దీన్ల స్టెరాయిడ్ ఉన్నది. దురద తొందరగ తగ్గుతది, అందుకే షాపులల్ల ఇస్తరు. డాక్టర్ చూడకుండ ఏండ్ల తరబడి వేస్తే కంట్ల ప్రెషర్ పెరుగుతది. లోపలి నరం ఎండుకుంట పోతది. మొదలు పక్కలకు కనబడే చూపు పోతది, నడిమి చూపు చివరిదాంక ఉంటది. అందుకే పుస్తకం చదవగలుగుతుంది."

"ఎడమ కన్ను?" కార్తీక్ అడిగాడు.

"అయిపోయింది. కుడిది సగం దాంక పోయింది. హైదరాబాద్‌ల ఆపరేషన్ చేస్తే ఉన్నదాన్ని నిలబెట్టొచ్చు. పోయింది మాత్రం రాదు."

రూప డాక్టరును కాదు, అనూషను చూసింది. "మరి గంతలు కట్టుకుని ఎట్టా చదివింది?"

అనూష చెప్పింది. ముక్కు పక్కన సందు, పొట్టకు ఆనించిన కాగితం, క్యాంపులో వేళ్ల మధ్య నుంచి చదవడం, అన్నీ. చెబుతున్నంతసేపూ స్పందన తల వంచుకుని కూర్చుంది, దొంగతనం బయటపడ్డదానిలా.

"నీకు ముందుగాలనే తెల్సా?" కార్తీక్ లేచాడు.

"తెలుసు సార్."

"తలకాయనొప్పి అంటుంటే, కండ్లు గిట్లయితుంటే, తెల్సి కూడ నోరు మూసుకున్నవా?"

అతను చెయ్యెత్తాడు. డాక్టరమ్మ మధ్యలోకి రావడంతో దించి, గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఏడుస్తూ చుక్కల సీసాను తీసి నేలకు కొట్టాడు. రెండేళ్లూ వాటిని షాపు నుంచి తెచ్చింది అతనే.

కార్తీక్ పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. చుక్కలకూ సెంటర్‌కూ సంబంధమేంటని తులసీరాం లాయరు అడిగాడు. ఆ ప్రశ్నకు గట్టి జవాబు ఎవరి దగ్గరా లేకపోయింది. అనూష తనకు తెలిసిందంతా రాసి సంతకం పెట్టి ఇచ్చింది. కొన్నాళ్లకు మిర్యాలగూడ, కోదాడ బ్రాంచీలకు తాళాలు పడ్డాయి. సూర్యాపేట బోర్డు మారింది. తులసీరాం ఇంకో జిల్లాలో కొత్త పేరుతో మొదలుపెట్టాడని తెలిసింది. అక్కడి వీడియోల్లో కూడా స్పందన పెళ్లిపత్రిక చదువుతూనే ఉంది.

అనూష తండాకు వచ్చేసింది. భీమ్లాతో కలిసి నాట్లకు పోయింది. ఎంత చదువు చదివి మళ్లీ బురదలోకా అని తండాలో అన్నారు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం తండాలోకి కారు వచ్చింది. రూప ఒక్కతే దిగింది. రంగి మంచం వాల్చి నీళ్లు తెచ్చిచ్చింది. రూప నీళ్లు తాగి, మంచం మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది. మేడం అనలేదు.

"నువ్వు చేసింది నేను మర్చిపోలేను అనూషా. నేను చేసింది కూడా మర్చిపోలేను. దాని కోసం రాలేదు నేను." ఆమె కొంగు సర్దుకుంది. "ఆపరేషన్ అయింది. చూపు నిలబడిందో లేదో తెలియాలంటే మిషన్‌లో పరీక్ష చెయ్యాలంట. తల లోపల పెట్టి కూర్చుంటే చిన్న చిన్న లైట్లు వెలుగుతాయి. కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఇది అన్నింటికీ నొక్కుతోంది. లైటు వెయ్యకుండా మిషన్ ఊరికే చప్పుడు చేసినా నొక్కుతోంది. రిపోర్టు పనికిరాదన్నారు. ఎన్నిసార్లు పెట్టినా అంతే. కనబడలేదని చెప్పవే అంటే బాగా కనబడుతోందమ్మా అంటుంది. నా ముఖం చూసి చెబుతోంది."

అనూష ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇది ఎట్టా మొదలైందో నీకు తెలుసు. మాన్పించు."

అనూష వారంలో కొన్ని రోజులు మిల్లు ఇంటికి పోసాగింది. మొదట ఆమెకు తోచింది సులువైన పద్ధతి. సంచీలో వస్తువులు వేసి దూరం నుంచి చూపించి ఏమిటని అడిగేది. తెలియనప్పుడు "తెల్వదు" అంటే మెచ్చుకునేది. స్పందన తొందరగానే నేర్చుకుంది. తర్వాత అన్నింటికీ "తెల్వదు" అనడం మొదలుపెట్టింది. కళ్లెదురుగా పట్టుకున్న చెంచాను కూడా తెల్వదంది. టీచర్‌కు ఇప్పుడు కావలసింది ఆ మాటే కదా.

అనూష ఆ రోజు సంచీ మూసి పక్కన పెట్టి, ఇంటి వెనక వసారాలో పిల్ల పక్కనే ఊరికే కూర్చుంది. మిల్లు నడుస్తోంది. ఏం అడగాలో ఆమెకు తోచలేదు. చాలాసేపటికి స్పందనే అడిగింది.

"టీచర్, సార్ది అబద్ధమని మీకు ఎర్కనే గద?"

"ఎర్కనే."

"మరి అమ్మకు ఎందుకు చెప్పలె?"

జవాబు మెత్తగా చుట్టి ఇవ్వడానికి ఎన్నో మాటలున్నాయి. అనూష వాటిని వదిలేసింది. "కొలువు పోతదని భయమైంది."

"నాకు అమ్మ మాట్లాడదని భయమైతుండె," అంది స్పందన.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఏడుస్తదని." పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. "నాకు మొత్తం పోతదా టీచర్?"

"నాకు తెల్వదు."

"డాక్టర్‌కు?"

"నువ్వు చెప్పేదాంక ఆమెకూ తెల్వదు. నీ కంట్ల ఏమున్నదో నీకు తప్ప ఎవ్వలకు కనబడదు. నేను నీ తలకాయలకి పోయి సూడలేను, అమ్మ సూడలేదు, మిషన్ కూడ సూడలేదు. నువ్వు సూసి చెప్తేనే మాకు తెల్సేది."

ఆ పిల్లతో తను మాట్లాడిన వాటిలో పాఠం అనదగింది అదొక్కటే అని అనూషకు తర్వాత అనిపించింది. అప్పుడు మాత్రం పాఠం చెబుతున్నానని అనుకోలేదు. స్పందన ఒక చేత్తో ఎడమవైపు గాలిలో గీత గీసినట్టు చూపించింది. "గీడికెళ్లి లేదు," అంది. మళ్లీ చెయ్యి జరిపి, "కింద కూడ లేదు. అన్నం పళ్లెం నడిమిట్లనే కనబడుతది," అంది. ఆమె చెబుతూ పోయింది. అనూష ఔననీ కాదనీ అనలేదు.

రూప తలుపు చాటున నిలబడి వింటోంది. బయటికి రావద్దని అనూష చేత్తో సైగ చేసింది.

వానలు పడే ముందు సూర్యాపేటలో మళ్లీ పరీక్ష పెట్టారు. గది చీకటి చేశారు. స్పందన బోర్లించిన గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి కూర్చుంది. బటన్ చప్పుడు మొదట్లో వెంటవెంటనే వినబడింది. తర్వాత తగ్గింది. మధ్యలో చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ విరామాలు వింటూ బయట రూప కొంగు నోట్లో కుక్కుకుంది.

కాగితం చేతికి వచ్చాక డాక్టరమ్మ లోపలికి పిలిచింది. "ఈసారి రిపోర్టు నమ్మొచ్చు," అంది. ఆ మాటకు కార్తీక్ ముఖం వెలిగింది. ఆమె కాగితం తిప్పి చూపించింది. నడుమ చిన్న తెల్లని మచ్చ, చుట్టూ నలుపు. "మనం అనుకున్న దానికన్నా ఎక్కువ పోయింది. ప్రెషర్ ఇంకా దిగలేదు. ఇంకో ఆపరేషన్ కావాలె. దాని తర్వాత కూడ ఎన్నేండ్లు ఉంటదో చెప్పలేను. చూపు ఉన్నప్పుడే బ్రెయిలీ చుక్కల లిపి, కర్ర పట్టుకుని నడవడం నేర్పించున్రి. అప్పుడే సులువుగ వస్తది."

రూప కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు బుగ్గలూ పట్టుకుంది. "ఇంకొక్కసారి చూడమ్మా. అలసిపోయి నొక్కలేదేమో. జాగ్రత్తగా చూస్తే కనబడుతుందేమో కదా? నా బంగారు కదా?"

స్పందన తల్లి ముఖం వైపు చూసింది. ఆ ముఖంలో కొంతే ఆమెకు కనబడుతుంది. ఆ కొంత చాలు, అమ్మకు ఏం కావాలో తెలుసుకోవడానికి.

"లేదమ్మా," అంది స్పందన. "గంతే కనబడుతది."

రూప ఏడ్చింది. అయినా పిల్ల మాట మార్చలేదు. డాక్టరమ్మ రెండో ఆపరేషన్‌కు హైదరాబాద్ చీటీ రాసిచ్చింది. కార్తీక్ అది మడిచి జేబులో పెట్టుకుని కారు తేవడానికి ముందు దిగిపోయాడు. తల్లీ కూతురూ మెట్ల పైన నిలబడ్డారు. అనూష రెండడుగుల వెనక ఆగిపోయింది.

"అమ్మా," అంది స్పందన చెయ్యి చాచి. "మెట్టు వచ్చినప్పుడు చెప్పు. నాకు కనబడ్తలేదు."

రూప ముఖం తుడుచుకుని ఆ చెయ్యి పట్టుకుంది. "ఇదిగో, మొదటిది," అంది.